నర్సత్త అడిగిన ప్రశ్న

మా పక్క క్వార్టర్ నర్సత్త పోయిన వారం నిద్రలోనే వెళ్లిపోయింది. ఎంత పిలిచినా తలుపు తీయట్లేదని పాల భయ్యా వచ్చి చెప్పాడు. మేముండే ఈ హిందీ ఊరు రిసాలిలో ఆవిడకి చుట్టాలు లేరు. కబురు ఎవరికి పంపాలో మాకు తెలియలేదు.

ఆపరేషన్ థియేటర్లో మత్తు డాక్టరు పక్కన ఆవిడ పని. "పడుకోబెట్టడం గొప్ప కాదే, లేపడం గొప్ప" అనేది. డ్యూటీ నుంచి వచ్చి గడప మీద ఒక్కతే టీ తాగేది. తెలుగు పుస్తకం పట్టుకెళ్తే నాచేత చదివించుకునేది. హిందీ బళ్లో చదివే నా తెలుగుని అంత ఓపిగ్గా ఇంకెవరూ వినలేదు.

మా తమ్ముడికి మాటలు రావు. చిన్నప్పుడు వాడి దవడ పళ్లు పుచ్చిపోయాయి. నొప్పి ఎక్కడో చెప్పలేక తల గోడకేసి కొట్టుకునేవాడు, అన్నం మానేశాడు. పళ్ల డాక్టరు నోరు తెరిపించబోతే కరిచాడు. పూర్తిగా మత్తు ఇచ్చి ఒకేసారి తీసేద్దామన్నారు. ముందు రాత్రి నుంచి ఏమీ పెట్టొద్దన్నారు.

ఆ పొద్దున ఆసుపత్రిలో డాక్టరు హిందీలో అడిగితే, పిల్లాడు ఏమీ తినలేదని అమ్మ చెప్పింది. అమ్మ దృష్టిలో అది అబద్ధం కాదు. వాణ్ణి ఎత్తుకుని లోపలికి వెళ్లబోతూ నర్సత్త ఆగింది.

"పొద్దున్న దేవుడికేటి పెట్టేవు వదినా?"

"పరమాన్నం."

"మరి బాబుకో?"

"ఒక్క చెంచాడే. ప్రసాదం కదా."

నర్సత్త వాణ్ణి తిరిగి అమ్మ చేతికిచ్చేసింది. మత్తులో ఆ చెంచాడే పైకొచ్చి ఊపిరికి అడ్డం పడితే బిడ్డ దక్కడని మెల్లగా చెప్పింది. డాక్టరు అమ్మ మీద కేకలేస్తుంటే తనే మధ్యలో నిలబడింది.

ఆపరేషన్‌కి మళ్లీ పిలిచిన రోజు తెల్లవారకముందే మా ఇంటికొచ్చింది. పూజ సాయంత్రానికి వాయిదా వేయించింది. చర్చికెళ్లే మనిషి మన దేవుడికి కూడా డ్యూటీ మార్చిందని నాన్న నవ్వాడు. బాబుకి లేనిది నాకెందుకని నర్సత్త కూడా టీ ముట్టలేదు.

థియేటర్ తలుపు బయట కూర్చున్నాం. ఎంతసేపటికో లోపల ఆవిడ వాణ్ణి పేరుపెట్టి పిలవడం వినిపించింది. పిలుస్తూనే ఉంది. తర్వాత వాడి ఏడుపు. ఆ ఏడుపుకి అమ్మ దణ్ణం పెట్టింది.

సాయంత్రం అమ్మ పరమాన్నం వండితే, ప్రసాదం తినని నర్సత్త "దేవుడికి పెట్టకముందే నాకో గిన్నె తీసీ వదినా" అంది.

ఆ తర్వాత ఆవిడ ఎక్కడ కనబడినా, పవర్ హౌస్ బజారులో అయినా సరే, తమ్ముడు ఆగి నోరు పెద్దగా తెరిచేవాడు. ఇంకెవరికీ తెరవడు. ఆవిడ గడ్డం పట్టుకుని లోపలికి చూసి, "బాగున్నాయిరా" అనేదాకా మూసేవాడు కాదు.

పోయిన వారం చర్చిలో ఆవిడ పెట్టె చుట్టూ మేమూ, ఆసుపత్రివాళ్లు కొందరూ. ఇప్పుడు నాకంటే పొడుగైన తమ్ముడు ముందుకెళ్లి, ఆవిడ ముఖం మీదికి వంగి, నోరు తెరిచాడు. "బాగున్నాయిరా" అని నేను అన్నాను. వాడు నా వైపు తిరగలేదు. అలాగే వంగి ఉన్నాడు.