ఓబళప్ప కట్టిన శిఖరం

కాడుగోడిలో ఓబళప్ప ఎక్కని ఎత్తు లేదు. ఊరు ఆ మాట అనేలోపే ఆయనే అనేవాడు. ఆనేకల్ వైపు మొదటి మిల్లు గోడకు పనివాళ్లు నిలబడే సారవ కట్టింది ఆయన. వర్తూరు చెరువు పక్కన మొదటి మూడంతస్తుల ఇంటికి సర్వి కట్టెలు నిలిపిందీ ఆయనే. ముప్పై రెండేళ్లలో ఒక్క ముడి జారలేదు, ఒక్క మనిషి కింద పడలేదు. పడినవాడు ఒకడున్నాడు గాని, వాడు ఇసుక కుప్ప మీద పడ్డాడు కాబట్టి లెక్కలోకి రాడు. పల్లె బడిలో ఐదో తరగతి వరకు చదివి పదహారో ఎక్కం దాకా అప్పజెప్పిన ఘనత కూడా ఆయన ఖాతాలో ఉంది. పదిహేడో ఎక్కంతో లోకానికి పని లేదని ఆయన నిర్ణయం.

ఇంత గొప్ప మనిషికి 1998లో సారవ కట్టెల బదులు ఇనుప పైపులు అడ్డం వచ్చాయి. కాంట్రాక్టరు మోహన్‌కుమార్ ఇరవై అంతస్తుల కట్టడం మొదలుపెడుతూ తేల్చి చెప్పాడు.

"ముందువైపంతా పైపులే. వెనక గోడకు మాత్రం కట్టెల ముఠా ఒకటి చాలు. నీదా, నంజప్పదా అంటే, కాడుగోడిలో ఎవరు ఎత్తైన బిల్డింగుకు సారవ కట్టింటే వాళ్లకే. పని ముగిసిన బిల్డింగే లెక్క. నువ్వు కడతా ఉండే సుమ మేడమ్ బిల్డింగు గృహప్రవేశం నాడు వచ్చి చూస్తా."

నంజప్ప ఓబళప్పకు స్వయానా బావమరిది. ఆయన దగ్గరే ముడి వేయడం నేర్చుకుని, ఆయనకే పోటీ ముఠా పెట్టిన కృతజ్ఞుడు. అతను సారవ కట్టిన ఎనిమిదంతస్తుల బిల్డింగులో అప్పటికే జనం కాపురం ఉంటున్నారు. ఓబళప్ప పని చేసిన సుమ మేడమ్ బిల్డింగూ ఎనిమిదే. కాకపోతే నంజప్ప వైపు నీళ్ల ట్యాంకు నాలుగడుగులు ఎత్తు. ఆ నాలుగడుగుల కింద ఓబళప్ప ముఠాలోని పదకొండు మంది కూలి నలిగిపోయేలా ఉంది.

హనుమక్క టీ అంగట్లో నంజప్ప బన్ను ముంచుకుంటూ అన్నాడు. "ట్యాంకు గూడా బిల్డింగే గదా బావా. నువ్వు పెద్దోడివి, నువ్వే చెప్పు."

ఓబళప్ప బన్ను చుట్టి ఇచ్చిన పాత పేపరు చదువుతున్నాడు. మలేషియాలో జంట కట్టడాలు లేచాయట, ప్రపంచంలో అవే ఎత్తట. అమెరికా కట్టడం కప్పు వాటి కప్పుకంటే పైనే ఉన్నా, మలేషియావాళ్ల శిఖరపు మొన లెక్కలోకి వస్తుందట, అమెరికావాళ్ల టీవీ కంబాలు రావట. ఆకాశాన్ని అంటే పోటీలో పెద్దపెద్ద దేశాలు కూడా నెత్తిన ఏం పెట్టుకుందామా అని ఆలోచిస్తున్నాయని తెలిసేసరికి ఆయనకు ప్రపంచం మీద గౌరవం పెరిగింది.

మరునాడు పొద్దున సుమ మేడమ్ బిల్డింగు మీద, గోనెసంచి కట్టిన చిన్న దిష్టిబొమ్మ స్థానంలో, పన్నెండడుగుల సర్వి కట్టెకు కొత్త దిష్టిబొమ్మ లేచింది. గడ్డి కూరిన ఒళ్లు, కుండ తలకాయ, మిరపకాయంత మీసాలు చాలవని బొగ్గుతో బారెడు మీసాలు.

"దాన్ని గూడా కొలుస్తావా బావా?" అన్నాడు నంజప్ప.

"అది బొమ్మ గాదప్పా, శిఖరం. పేపరు చదువుకో. నీ ట్యాంకు మీద ఉండేది టీవీ కంబం, అది లెక్కలోకి రాదు."

భార్య కదిరమ్మ మాత్రం ఆ బొమ్మనూ మొగుడి మీసాలనూ మార్చి మార్చి చూసి, "ఆ మీసాలు ఎవరివో తెలిసిపోతా ఉండాదిలే," అంది.

గృహప్రవేశం నాడు మోహన్‌కుమార్ వచ్చాడు. తలెత్తి చూశాడు, నవ్వాడు, "శిఖరమేనప్పా," అని ఒప్పుకున్నాడు కూడా. నంజప్ప ముఖం వాడింది. ఓబళప్ప పైపంచె సర్దుకున్నాడు. అప్పుడే పాలగిన్నె పట్టుకుని సుమ మేడమ్ బయటికి వచ్చింది.

"మేస్త్రీ, బొమ్మ ఇంకా ఉండాదేమి? పూజకొచ్చిన అయ్యవారు పొయ్యి ముట్టించనంటా ఉండాడు."

ఓబళప్ప తలెత్తి బొమ్మను చూశాడు. బొమ్మ ఉన్నంత కాలం ఇల్లు ముగిసినట్టు కాదు, దాన్ని దించాకే పాలు పొంగించాలి, ముడి వేసిన చేయే దాన్ని విప్పాలి. ముప్పై రెండేళ్లుగా పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాడికీ ఆయన చెవి మెలిపెట్టి నేర్పిన మొదటి పాఠం ఇదే. బొమ్మ ఉంటే బిల్డింగు ముగియదు. ముగిస్తే ఎత్తు ఉండదు. మలేషియావాళ్లకు ఈ చిక్కు రాలేదు. పాపం వాళ్లకు ఓబళప్ప లాంటి గురువు లేడు.

"పోనీ, నన్ను విప్పమంటావా బావా?" అన్నాడు నంజప్ప, ఎంతో మర్యాదగా.

"నా ముడి నీకు రాదు," అని ఓబళప్ప మెట్లెక్కాడు. ట్యాంకు ఇనుప నిచ్చెన ఎక్కి బొమ్మ దగ్గర నిలబడ్డాడు. కింద పాలగిన్నెతో ఆడమనిషి ఎదురుచూస్తోంది. పదకొండు మంది ముఠా తలలెత్తి చూస్తోంది. ఒక్క గంట ఆలస్యం చేస్తే మోహన్‌కుమార్ ఎత్తు రాసుకుని వెళ్లిపోయేవాడు. ఓబళప్పకు ఆ ఆలోచన రాకపోలేదు. కానీ చేతులు అప్పటికే ముడి విప్పేశాయి. బొమ్మను భుజాన వేసుకుని, దాని మీసాలు తన చొక్కాకు అంటించుకుని దిగాడు.

వెనక గోడ పని నంజప్పకు దక్కింది. ఓబళప్ప ముఠాలో ఎనిమిది మంది అతని వెంటే పోయారు, ముగ్గురు ఊరికి పోయారు.

రెండేళ్ల తర్వాత ఇరవయ్యో అంతస్తు కప్పు వేశాక మోహన్‌కుమారే ఇంటికి వచ్చాడు. పైపుల ముఠావాళ్లకు దిష్టిబొమ్మ నిలబెట్టడం రాదట. వాళ్లు కట్టిన రెండూ గాలికి ఎగిరిపోయాయట. నంజప్పా కట్టి చూశాడు గాని, అతనికి నేర్పిన ముడి అంత ఎత్తు గాలికి నిలవలేదట. ఆ చివరి మెలిక ఓబళప్ప ఎవరికీ నేర్పలేదు మరి.

ఒక్క పూట పని. ఓబళప్ప తన పన్నెండడుగుల పాత మీసాల బొమ్మతో ఎక్కాడు, కట్టాడు, దిగాడు. అప్పటినుంచి ఆయన ఘనతల జాబితా ఇరవై అంతస్తుల మీద పన్నెండడుగుల దగ్గర మొదలవుతోంది. కింది ఇరవై అంతస్తులు ఎవరో కట్టారని ఒప్పుకునేటంత పెద్దమనసు ఆయనది.

ఇళ్లు అమ్ముడుపోక ఆ బిల్డింగు గృహప్రవేశం మూడేళ్లు ఆగిపోయింది. కొన్నవాళ్లు, కట్టినవాళ్లు, అప్పిచ్చినవాళ్లు దేవుళ్లకు మొక్కుకున్నారు. ఓబళప్ప ఒక్కడే టీ అంగట్లో బల్ల మీద కూర్చుని, పైనున్న బొమ్మ బారెడు మీసాల వైపు తలెత్తి చూస్తూ, "తొందరేముందప్పా, నిదానంగా అమ్ముకోనీ," అనేవాడు.