కరుణ ఆంటీ ద్రాక్షతోట

ప్రభువు బల్ల కోసం చిన్న కప్పుల్లో ద్రాక్షరసం పోస్తుంటే, ఆ తీపి వాసనకు ఈ ఆదివారం కూడా నాకు కరుణ ఆంటీ గుర్తొచ్చారు. ఇర్వింగ్‌లోని మా తెలుగు చర్చిలో ఆవిడ సండేస్కూల్ టీచరు. రిటైరైన నర్సు, రేపల్లె మనిషి. ఆవిడ కన్నుమూసి కొన్నేళ్లయింది.

“ద్రాక్షతోటల కథలు ఇన్నేళ్లుగా పిల్లలకి చెబుతున్నాను సుధీర్, ఒక్క తోటా కళ్లారా చూడలేదురా. మనవాళ్లందరితో కలిసి చూడాలి,” అన్నారొకసారి. టీవీలో చూసిన జర్మనీలోని మోసెల్ నది, దాని గట్టున నిలువుగా లేచిన తోటల కొండలు ఆవిడ మనసులో పడ్డాయి. అప్పటికే ఆవిడ గుండె బలహీనం. ఆ ఏడాది అక్టోబరు దాటితే విమానం ఎక్కవద్దని డాక్టరు చెప్పేశాడు. ఏర్పాట్లు నాకు అప్పగించారు. మోసెల్ అన్నప్పుడే మోసేది నేనేనని అర్థం కావలసింది.

సాఫ్ట్‌వేర్ బుర్ర కదా, చర్చి వాట్సాప్ గ్రూపులో ‘వస్తారా?’ అని పోల్ పెట్టాను. అందరూ ‘యెస్’ నొక్కారు. నది ఒడ్డున ఒక గెస్ట్‌హౌస్ యజమానురాలు శుక్రవారం దాకా గదులన్నీ మాకోసం ఆపి ఉంచింది. గురువారం తెల్లవారింది, ఒక్కరూ టికెట్ కొనలేదు. ఆ యాత్రకు నాయకుణ్ణీ నేనే, అనుచరుణ్ణీ నేనే.

“క్యాన్సిల్ చేసేద్దామా ఆంటీ?”

“గుంపులో అడిగితే గుంపు జవాబిస్తుందిరా. మనిషిని అడిగితే మనిషి చెబుతాడు. కార్ తియ్యి.”

ఆఫీసుకు సెలవు పెట్టి, ముందుగా దగ్గర్లోని ప్లేనో ఊళ్లో ప్రకాశం అంకుల్ ఇంటికి వెళ్లాం. ఆయన సంఘపెద్ద. ఆయన కదిలితేనే మిగతావాళ్లు కదులుతారు.

“వైన్ ఊళ్లకి చర్చివాళ్లం వెళ్తే నలుగురూ ఏమనుకుంటారు చెల్లెమ్మా?”

“ఆ నలుగురం మనమేగా అన్నయ్యా వెళ్లేది! ఇక అనుకోవడానికి మిగిలేదెవరు?”

ఆయన నవ్వారు గాని వస్తానని మాత్రం అనలేదు. టీ చెప్పడానికి లేస్తూ ఆయన సోఫా చేతిని గట్టిగా పట్టుకోవడం ఆంటీ చూశారు. నేను బిస్కెట్లు చూస్తున్నాను.

“మోకాళ్లా అన్నయ్యా?”

ఆయన మళ్లీ కూర్చున్నారు. “ఆ కొండ ఎక్కలేనమ్మా. అందరూ పైకెళ్తే నేనొక్కణ్ణే కింద కూర్చోవాలంటే నామోషీ.”

అక్కడినుంచే గెస్ట్‌హౌస్‌కు ఫోన్ చేశాను. ద్రాక్షగంపలు దింపే ట్రాక్టరు ట్రాలీలో బెంచీలు వేసి పైదాకా తీసుకెళ్తానంది యజమానురాలు.

“ట్రాక్టరా!” అంకుల్ ముఖం వెలిగిపోయింది. “మా ఊళ్లో నేను కార్ ఎక్కకముందే ట్రాక్టరెక్కాను. బుక్ చెయ్యరా!”

ఆ సాయంత్రం దాకా ఇల్లిల్లూ తిరిగాం. ఒకరికి అన్నం దొరకదన్న బెంగ, ఇంకొకరికి విమానమంటే భయం. నా పోల్‌లో వీటికి గడి లేదు. ఆంటీ ఒక్కొక్కరి పక్కనా కూర్చుని విన్నారు. అందరూ టికెట్లు కొన్నారు.

అక్టోబరులో ఆ కొండమీదికి ట్రాలీ బయలుదేరింది. ప్రకాశం అంకుల్ పెళ్లికొడుకులా ముందు బెంచీలో, పక్కన ఆంటీ, వెనక పాడుకుంటూ మేమంతా. పైన ఆంటీ ఒక తీగను అరచేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు.

“పిల్లలకి ద్రాక్షతోట కథలు సరిగ్గానే చెప్పాన్రా,” అన్నారు.

ఇప్పుడు నా టీములో ఎవరైనా మౌనంగా ఉంటే, మీటింగయ్యాక వెళ్లి ఆ మనిషి పక్కన కూర్చుంటాను. తలుపు తట్టే ముందు కాస్త బెరుకుగానే ఉంటుంది. తట్టాక తెరుచుకోని తలుపు మాత్రం ఇంతవరకూ తగల్లేదు.