మగ్గాలింటి గొంతు

కబ్బన్‌పేట మగ్గాల సందులో పుట్టినోళ్ళకు నెమ్మదిగా మాట్లాడడం రాదు. వాళ్ళను తప్పు పట్టొద్దండప్పా. తెల్లారింది మొదలు దీపాలు పెట్టేదాకా ఇంటింటా కరెంటు మగ్గాలు దడదడా కొట్టుకుంటా ఉంటే, ఉప్పు అందియ్యమని చెప్పాలన్నా నోరు బార్లా తెరిచి అరవాల్సిందే. కొత్తగా ఆ సందులోకి వచ్చినోళ్ళు ఎవరో కొట్టుకుంటా ఉండారని పరుగెత్తి చూస్తారు. ఏముంటుంది అక్కడ? మొగుడు పెండ్లాన్ని కాఫీ అడుగుతా ఉంటాడు.

అట్లాంటి ఇంట్లో పుట్టింది చౌడేశ్వరి. మగ్గాలోళ్ళు కొలిచే చౌడమ్మ తల్లి పేరే పెట్టుకున్నారు. సందంతా ఆ పిల్లను చౌడీ అనే పిలుస్తుంది. నాయన అశ్వత్థప్ప సావుకారి మగ్గాల మీద కూలికి నేసేవాడు. అక్షరం ముక్క రాదు గానీ జరీ అంచు పట్టుకున్నాడంటే సందులో ఎవరైనా నిలబడి చూడాల్సిందే. చౌడి అమ్మ, బిడ్డ ఇంకా చిన్న ఇస్కూల్లో ఉండగానే కామెర్లతో పోయింది. ఆస్పత్రిలో డాక్టర్లు ఏమి చేసినారో, ఏమి మందులిచ్చినారో చౌడికి ఒక్కటీ గుర్తులేదు. ఒక నర్సమ్మ వచ్చి అమ్మ తలను ఒళ్ళో పెట్టుకొని, అట్టలు కట్టిన జుట్టు చిక్కుతీసి జడ అల్లింది. అది మాత్రం గుర్తుంది. నేను గూడా నర్సునవుతానని ఆ పిల్ల ఆ పొద్దే నాయనకు చెప్పింది. అశ్వత్థప్ప మళ్ళీ పెండ్లి మాటెత్తనీయకుండా ఆ బిడ్డను సాకినాడు.

అనుకున్నంత సులువా? చౌడికి చదువు అంతంత మాత్రం. అబద్ధమెందుకు, మెదడు మంచిదే, చదివే చోటు లేదు. పీయూసీలో సైన్సు తీసుకొని సర్కారు కాలేజీలో చేరింది. పొద్దున కాలేజీ, మధ్యాహ్నం పక్కింటి నంజమ్మతో కూర్చొని నూలు కండెలు చుట్టడం. చుట్టూ ఇండ్లలోని మగ్గాల మోతకు కెమిస్ట్రీ పుస్తకంలో అక్షరాలే ఊగుతా ఉండె. రాత్రికి అలసటతో కళ్ళు మూతలు పడతాయి, పగలు కరెంటు పోతేనే చదువు. ఆ కాలంలో బెంగళూరులో ఎండాకాలమొస్తే కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో దేవుడికే ఎరుక. మగ్గాలాగిపోతే సందంతా కరెంటోళ్ళను తిట్టిపోస్తుంది, ఈ పిల్ల మాత్రం పుస్తకమెత్తుకొని గడప మీదికి పరుగెత్తుతుంది. నాయన కూలి పోతేనే తనకు చదువబ్బుతుందని తెలిసి, ఆ గడప మీద కూర్చొని ఏడ్చుకుంటా చదివిన పూటలు కూడా ఉండాయి.

కెమిస్ట్రీ ఒకసారి పోయింది. మళ్ళీ రాస్తే మళ్ళీ పోయింది. "ఆడపిల్లకు ఇంత మొండితనమేమప్పా, మగ్గం మీద కూర్చోబెట్టు" అని చుట్టాలన్నారు. అశ్వత్థప్ప ఆ మాటలు పట్టించుకోకుండా మళ్ళీ పరీక్ష ఫీజు కట్టినాడు. మూడోసారి గట్టెక్కింది. తొంభయ్యారులో, కంటోన్మెంటు వైపు ఒక మిషన్ ఆస్పత్రి నర్సింగ్ ఇస్కూలు నుంచి ఇంటర్వ్యూకు రమ్మని పిలుపొచ్చింది.

తండ్రీ కూతుళ్ళు ఇద్దరూ పోయినారు. లోపల ముగ్గురు కూర్చోనుండారు. మధ్యలో ఉన్నది ప్రిన్సిపాల్ మార్త సిస్టరు, పండిన తలకాయ, సన్నని మాట. కన్నడంలోనే అడిగింది, నర్సు ఎందుకు కావాలనుకుంటున్నావని. చౌడి లేచి నిలబడి, ఇంట్లో ఎట్ల మాట్లాడుతుందో అట్లే చెప్పింది. అమ్మ సంగతి, జడ సంగతి, అంతా. ఆ గదిలో మగ్గాలు లేవు గదా! కిటికీ అద్దాలు గల్లుమన్నాయి. పక్క గదిలో టైపు కొడతా ఉన్న ఆమె లేచొచ్చి తొంగి చూసింది. సిస్టరు రెండు మూడుసార్లు చెయ్యి కిందికి ఊపింది. తగ్గించు అని ఆమె భావం. ఈ పిల్లకు ఆ సైగకు అర్థం వేరే. మగ్గాల ఇంట్లో చెయ్యి అట్ల ఊపితే మోతలో ఇనపడలేదు, ఇంకా గట్టిగా చెప్పమని. ఇంకా గట్టిగా చెప్పింది.

"చూడు తల్లీ, నీ మనసు మంచిదే" అన్నది మార్త సిస్టరు చివరికి. "కానీ గుండె జబ్బుతో పడుకున్నోడి పక్కన నిలబడి నువ్విట్ల మాట్లాడితే వాడు బతుకుతాడా? గొంతు తగ్గించుకొని వచ్చే యేడు రా."

బయటికొస్తే, తెరిచిన తలుపుకెదురుగా బెంచీ మీద కూర్చొనుండిన అశ్వత్థప్ప మొగమంతా నవ్వుతో లేచినాడు. "భలే చెప్పినావు పాపా. ఒక్క మాట పొల్లు పోకుండా నాకు తెలిసె."

చౌడికి ఒళ్ళు మండింది. "ఆ గొంతు వల్లే సీటు పోయింది నాయనా! ఈ పాడు మగ్గాల గొంతు వల్లే!" అని అక్కడే, ఆస్పత్రి వసారాలో, నలుగురూ చూస్తా ఉండగా అరిచింది. అశ్వత్థప్ప మొగం చిన్నబోయింది.

ఆ యేడంతా చౌడి చేసిన తపస్సు ఇంతా అంతా కాదు. మడివాళలో ఒక చిన్న నర్సింగ్ హోములో ఆయా పనికి చేరింది. అక్కడి నర్సులు ఎట్ల మాట్లాడతారో చూసి నేర్చుకునింది. తల వంచుకొని, పెదాలు కదిలీ కదలకుండా, గాలి తగిలినట్ల మాట్లాడడం. గొంతు మీద చెయ్యి పెట్టుకొని, అదిరితే తప్పు అనుకుంటా, అద్దం ముందర సాధన చేసింది. ఇంట్లో గూడా అట్లే మాట్లాడేది. ఒక్క పూట ఒదిలినా పాత గొంతు తన్నుకొస్తుందని భయం. నంజమ్మ ఎకసెక్కంగా "ఏమే, దొరసానివైపోతివా? నీ మాట కోసం చెవి నీ నోట్లో పెట్టాల్సి వస్తా ఉండాది" అనేది. అశ్వత్థప్ప మాత్రం ఎకసెక్కం చేసేవాడు కాదు. కూతురు ఏం చెప్పినా తలూపేవాడు. "నీకెట్ల తోస్తే అట్ల చెయ్ పాపా" అనేవాడు. నాయన నెమ్మదస్తుడు, తనంటే అంత నమ్మకం అని ఆ పిల్ల మురిసిపోయేది.

మరుసటేడు ఇంటర్వ్యూలో మార్త సిస్టరు చౌడి మాటలిని, పక్కనున్నోళ్ళ మొగం చూసి నవ్వింది. సీటొచ్చింది.

ఆ సాయంత్రం మగ్గాలాగినాక చౌడి నాయన ముందర కూర్చునింది. తల వంచుకొని, నేర్చుకున్న గొంతుతోనే చెప్పింది. "నాయనా, వచ్చే సోమవారమే హాస్టల్లో చేరాల. మొదటి ఆర్నెల్లు ఇంటికి పంపరంట. నువ్వొక్కనివే ఉండాల. నీకిష్టం లేకపోతే నేను పోను, నిజంగా పోను. పోమంటావా?"

అశ్వత్థప్ప ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టి తలూపినాడు. "నీకెట్ల తోస్తే అట్ల చెయ్ పాపా."

ఆ ఒక్క మాటను చౌడి గుండెల్లో దాచుకునింది. సోమవారం పొద్దున మగ్గానికి పోతా ఉన్న నాయనతో, మధ్యాహ్నం నన్ను సాగనంపడానికి ఇంటికొస్తావు గదా అన్నది. దానికీ తలూపినాడు. రాలేదు. పెట్టె గడప మీద పెట్టుకొని ఎండ తిరిగేదాకా చూసింది. మగ్గాల దగ్గరికి పోదామంటే, అక్కడ నలుగురి ముందర నాయన ఏడుస్తాడేమో, ఆయన మానం తీయకూడదనుకునింది. పంపలేకనే రాలేదు అని తనకు తానే చెప్పుకొని, నంజమ్మ కాళ్ళకు మొక్కి బస్సెక్కింది.

చదువు కష్టమే. ఇంగ్లీషు పాఠాలకు నోరు తిరిగేది కాదు. పరీక్షల్లో అంచు మీద నిలబడి నిలబడి గట్టెక్కేది. ఒదిలేసి ఇంటికి పోదామనిపించినప్పుడల్లా నాయన తలూపింది గుర్తు చేసుకునేది. ఆర్నెల్ల తర్వాత నెలకొక ఆదివారం ఇంటికొచ్చేది. వార్డు సంగతులన్నీ ఆ మెత్తటి గొంతుతో చెప్పేది. నాయన తలూపుతా ఇనేవాడు. రాను రాను మాటలు తగ్గించేసినాడు. వయసు మీద పడుతుంది గదా అనుకునింది. తర్వాత పరీక్షలని, రాత్రి డ్యూటీలని, ఆ ఆదివారాలు కూడా తప్పిపోయినాయి.

రెండో యేట చౌడికి చెవి, ముక్కు, గొంతు విభాగంలో డ్యూటీ పడింది. ఒక పొద్దు దొడ్డబళ్ళాపురం నుంచి ఒక ముసలాయన వచ్చినాడు. ముప్ఫై నలభై యేండ్లు కరెంటు మగ్గాలు నేసిన మనిషంట. డాక్టరు పడుచువాడు, కొంచెం చిలిపి. ఎదురుగా నిలబడి ఏమడిగినా ముసలాయన టకటకా జవాబులు చెప్పినాడు. అప్పుడు డాక్టరు కాగితాలు నోటికి అడ్డం పెట్టుకొని, "అయ్యా, మీ ఇంట్లో ఏనుగుందా?" అన్నాడు.

ముసలాయన గంభీరంగా తలూపినాడు. ఉందన్నట్ల.

గదిలో అందరూ నవ్వినారు. చౌడి గూడా నవ్వింది.

"వీళ్ళకు చెవులు ఎప్పుడో పోయుంటాయి" అన్నాడు డాక్టరు. "నోరు చూసి మాట పట్టుకుంటారు. మగ్గాల దగ్గర అందరూ నోరు పెద్దగా తెరిచి అరుస్తారు గదా, అదే వీళ్ళ చెవులు. నోరు కనపడకపోతే ఏం చేస్తారు పాపం, తలూపుతారు. ఒప్పుకోరు మాత్రం. మోతలో తేడా ఇనపడనోడికి మగ్గమెవరిస్తారు?"

చౌడి చేతిలో ట్రే కింద పడింది. ఆ పిల్ల ఏరుకోలేదు. నేరుగా మార్త సిస్టరు గదికి పోయి, ఇంటికి పోవాల అన్నది. మొగం చూసి ఆమె ఎందుకని అడగలేదు.

మధ్యాహ్నం వేళ సందులోకొచ్చేసరికి మగ్గాలన్నీ మోగుతా ఉండాయి. ఎదురుగా నంజమ్మ కనపడింది. చౌడి ఆమె రెండు చేతులూ పట్టుకొని, "అత్తా, మా నాయనకు చెముడా?" అన్నది.

నంజమ్మ చెంగు నోటికడ్డం పెట్టుకునింది. "నాకు గూడా నువ్వు పోయినాకనే తెలిసె. ఆ సోమవారం మగ్గం దిగొచ్చి, నీ పెట్టె కానరాక, ఇల్లంతా ఎతికినాడే. సీటొచ్చిన సంగతి సందంతా అరిచి చెప్పె, ఏ పొద్దు పోతావో మాత్రం ఎవరూ చెప్పల్యా. కన్నతండ్రికి తెలీకుండా ఉంటుందా అనుకుంటిమి. పాపకు నామీద కోపమా నంజమ్మా, నాతో ఒక మాట చెప్పకనే పోయింది అని ఏడ్చె. గట్టిగా చెప్పమని ఆ పిల్లనే అడగరాదా అప్పా అంటిని. ఎట్లడిగేది, ఆ గొంతు వల్లనే గదా ఒకసారి సీటు పోయింది, మళ్ళీ నా వల్ల పోవల్లా అనె. నీకు చెప్తే చదువు చెడుతుందని నా చేత ఒట్టు ఏయించుకున్నాడు."

చౌడి లోపలికి పోయింది. అశ్వత్థప్ప చాప మీద గోడకానుకొని కూర్చోనుండాడు. నడిపొద్దున ఇంట్లో ఉండాడంటే మగ్గం పోయినట్లే. తాను ఇంటికి రాని నెలల్లో షుగరు కళ్ళకు దిగి చూపు పోయింది. కళ్ళు తెరిచే ఉండాయి, వాకిట్లో నిలబడిన కూతుర్ని దాటి ఎక్కడికో చూస్తా ఉండాయి. ఆ కళ్ళు ఉన్నన్నాళ్ళూ తాను తలొంచుకొని మాట్లాడింది. ఇప్పుడు తలెత్తినా ఏం లాభం.

ముందర మోకాళ్ళ మీద కూర్చొని, రెండు చేతులతో ఆయన మొగం పట్టుకునింది. పట్టీ పట్టగానే ఆయనకు తెలిసిపోయింది. "పాపా, వచ్చినావా" అన్నాడు. చౌడి నోరు బార్లా తెరిచి, మానేసి మూడేండ్లయిన ఆ పాత గొంతుతో, నరాలు తెగేటట్ల అరిచింది.

"నాయనా, నీకు చెప్పే పోయినా! నీ మీద నాకే కోపమూ లేదు! నువ్వు పోమంటేనే పోయినా! ఇనపడిందా నాయనా?"

సందులో వాళ్ళు వాకిళ్ళలోకొచ్చి నిలబడినారు. అశ్వత్థప్ప కూతురి చేతుల మధ్య మొగం అటూ ఇటూ తిప్పినాడు, ఆ మాట ఎక్కడుందో ఎతుక్కుంటా ఉన్నట్ల. తర్వాత మెల్లగా నవ్వి, తలూపినాడు.

"నీకెట్ల తోస్తే అట్ల చెయ్ పాపా" అన్నాడు.

ఆ వానాకాలంలోనే ఆయన పోయినాడు. చౌడేశ్వరి చదువు ఒదల్లేదు, నర్సయింది, అదే ఆస్పత్రిలో గుండె జబ్బుల వార్డులో ఉద్యోగం చేస్తా ఉండాది. మంచి నర్సని పేరు. రోగులకు ఆమె అంటే ప్రాణం. ఇంటికి పోయేటప్పుడు చాలామంది చెయ్యి పట్టుకొని, "ఎంత మెత్తగా మాట్లాడతావమ్మా, సగం రోగం నీ మాటకే పోయె" అంటారు. నవ్వి, మందుల చీటీ చేతిలో పెట్టి పంపిస్తుంది. ఆ పూట మాత్రం ఆమెకు కూడు గొంతు దిగదు.