పొయ్యి దగ్గర నుంచి వచ్చిన స్పానిష్

లాక్‌డౌన్‌లో మేముండే ఉధ్నాలో మరమగ్గాలన్నీ బందయ్యాయి. ఊరికే కూర్చోలేక ఫోన్లో ఉచిత స్పానిష్ క్లాసులో చేరాను. పదిహేను రోజులుగా 'నేను తింటాను, నువ్వు తింటావు' అంటూ క్రియల రూపాలు వల్లె వేస్తున్నాను.

ఈ రోజు టీచరమ్మ అందరి ముందూ నన్ను అప్పజెప్పమంది. "కోమో, కోమెస్, కోమె" దాకా బాగానే చెప్పి, 'మేము తింటాం' దగ్గర ఆగిపోయాను.

పొయ్యి దగ్గర రొట్టెలు కాలుస్తున్న నా భార్య లక్ష్మి "కోమెమోస్! తర్వాత కోమెన్!" అని అరిచింది.

"శభాష్! ఎవరామె?" అంది టీచరమ్మ. ఇన్ని రోజుల్లో నాకు ఒక్క శభాష్ కూడా రాలేదు.

క్లాసు అయ్యాక "నీకెట్ల వచ్చిందే?" అని అడిగాను.

"లూమ్ కాడ ఒర్రినట్టే ఇంట్ల ఒర్రుతవు. పక్కింటోళ్లకు గూడ వచ్చే ఉంటది," అంది, రొట్టె తిప్పుతూ.

ఇరవై ఏళ్లు మగ్గాల మోతలో అరిచిన గొంతు ఇది, మెల్లగా చదవమంటే ఎలా చదువుతుంది?

రేపు ఫోను ఆమె చేతికిచ్చి రొట్టెలు నేను కాలుస్తాను. ఆమె ఎక్కడో ఒకచోట ఆగాలి, పొయ్యి దగ్గర నుంచి నేను అరవాలి. మీరే చెప్పండి, ఇందులో కుళ్లేముంది?