ఆనందన్ కన్ను పడిన కారు

మాధవరం పాల కాలనీలో యతిరాజులు కారు తెలియనోళ్ళు లేరు. దాన్ని తొయ్యని మగోడు కూడా ఆ చుట్టుపక్కల లేడనుకోండి. కూరగాయలకని సంచి పట్టుకుని పోయేవాణ్ణి పిలిచి, "తంబీ, కొంచెం చెయ్యి వెయ్యప్పా" అంటాడు. పావం, వాడు సంచి రోడ్డు పక్కన పెట్టి తోస్తాడు. తోసినా అది వినదు. కొంచేపు అట్టే ఎండలో నిలబెడితే మాత్రం, దానికే మనసు మారినట్టు తానే స్టార్టయిపోద్ది.

నిజం చెప్పాలంటే కారు యతిరాజులుది కాదు, మామది. వెన్న రంగు, గుండ్రటి దీపాలు, స్టీరింగ్ పక్కనే గేరు కడ్డీ ఉండే పాతకాలం బండి. మామ పోయినాక అత్త చూడామణమ్మ, "పెద్దల్లుడి ఇంట్లో షెడ్డు ఉంది గదా, ఆడ్నే ఉండనీ" అనింది. యతిరాజులు అంబత్తూరులో బోల్టులు చేసే కంపెనీలో స్టోరు చూసుకుని రిటైరైన మనిషి. పెళ్ళాం కనకవల్లి ముఖం ఒక పూట చూడకుండా ఉంటాడేమో గాని, బండి ముఖం చూడకుండా కాఫీ తాగడు.

ఆ ఇంట్లో ఆ బండి తోలేవాడికి ఒక మర్యాద ఉండాది. వాళ్ళింట ఎవురికి పెండ్లయినా, పెండ్లికొడుకును మంటపానికి పిలుచుకుని పోయేది ఆ బండిలోనే. తోలేవాడికి పట్టు తలపాగా చుట్టి, పెండ్లికొడుకు కన్నా ముందే మాల వేస్తారు. మామ ఉన్నన్నాళ్ళూ ఆయనే తోలినాడు. ఆయన తరవాత ఆ తలపాగా మనదేనని యతిరాజులు ఎప్పుడో మనసులో చుట్టేసుకున్నాడు. ఇప్పుడు చూడామణమ్మ కొడుకు తరపు మనవడు విఘ్నేష్‌కు పెండ్లి కుదిరింది. బండేమో నడిరోడ్డు మీద నిలబడిపోతా ఉంది.

ఈ రోగం ఎప్పట్నుంచి అంటే, ఆనందన్ బండి మీద చెయ్యి వేసినప్పట్నుంచి. ఇది యతిరాజులు లెక్క.

ఆనందన్ ఎవురంటే కనకవల్లి చెల్లెలి మొగుడు, యతిరాజులుకు షడ్డకుడు. ఎన్నూరులో కరెంటు స్టేషన్ ఉద్యోగం. ఎప్పుడూ నవ్వు ముఖం, తల నిండా జుట్టు. యతిరాజులు తల మీద ఈగ కూచుంటే జారి పడద్ది, అదొక మంట. పోయిన చిత్తిర నెల ఎండల్లో యతిరాజులుకు నడుం పట్టేసి చాప మీద పడుండాడు. చూడామణమ్మకు ఆరోజే తిరువొత్తియూరు గుడికి పోవాలనిపించింది. భోజనానికి వచ్చిన ఆనందన్, "నేను తోల్తాలే అత్తా" అని తాళం తీసుకున్నాడు.

బండిలో పెట్రోల్ ముల్లు మామ ఉన్నప్పుడే చచ్చిపోయింది. అందుకని అందరూ చేసేదే ఆనందన్ కూడా చేసినాడు. వెనక్కి పోయి, మూత తీసి, చీపురుపుల్ల ముంచి చూసినాడు. మూతను మళ్ళీ ఊరికే అట్లా ఆనించి వచ్చినాడు. ఆ మనిషికి ఏ మూతా బిగించే అలవాటు లేదు. ఊరగాయ సీసా అయినా అంతే, పెళ్ళాం తిట్టినా అంతే.

తిరిగొచ్చినాక చూడామణమ్మ దిగతా దిగతా, "మీ మామ తోలినట్టే ఉండిందబ్బా, కుదుపే లేదు" అనింది. చాప మీద ఉన్న యతిరాజులుకు ఆ మాట నడుం నొప్పి కన్నా లోతుగా దిగింది. ఇన్నేళ్ళు తోలినాడు, తనను ఒక్కసారి అనలేదు ఆ మాట. పైగా ఆనందన్ పెట్రోల్ మూత కాడ చెయ్యి వేసి, బండిని ఆవును నిమిరినట్టు నిమిరి, "అన్నా, బంగారం పో. ఇట్టాంటిది నాకుంటే ఇంటికే రాను" అన్నాడు.

అంతే. కన్ను పడిపోయింది.

ఆ వారమే యతిరాజులు సాన మీద గంధం అరగదీసి, కుంకుమ కలిపి, ఆనందన్ చెయ్యి పడిన చోటే, పెట్రోల్ మూత నడిమధ్యలో రూపాయి బిళ్ళంత దిష్టిబొట్టు పెట్టినాడు. ప్రతి శుక్రవారం ఎండిపోయిన దాని మీదే ఇంకో పొర. దోసె మీద దోసె వేసినట్టు. మూత కూడా కిర్రుమనేదాకా బిగించి పెట్టేవాడు, స్టోరు చూసిన మనిషి కదా.

బండి నిలబడేది అప్పుడే మొదలైంది. మూలక్కడ కూడలి దాటతానే దగ్గేది, ఎక్కిళ్ళు పెట్టేది, ఆగిపోయేది. మెకానిక్ మణిమారన్ కార్బురేటర్ కడిగినాడు, పంపు మార్చినాడు, ఫిల్టరు, ట్యూబులు అన్నీ మార్చినాడు. ట్యాంకు దించి తుప్పు కడిగినాడు. బొట్టు ఉండే మూతను మాత్రం భక్తిగా పక్కన గుడ్డ మీద పెట్టినాడు. "సార్, నా షెడ్డులో బానే ఉంటుంది. మీ చేతికి వస్తేనే ఏందో అవతా ఉంది" అన్నాడు. యతిరాజులు ఆరోజు అన్నం సరిగ్గా తినలేదు.

ఎందుకంటే ఆనందన్ చేతిలో అది ఆగదు. అత్త ఇప్పుడు ఏడికి పోవాలన్నా ఎన్నూరుకు ఫోను కొడతా ఉంది. వాడు వస్తాడు, పుల్ల ముంచుతాడు, మూత ఆనిస్తాడు, తోల్తాడు, వస్తాడు.

"చూసినావా, కన్ను పెట్టినోడికే పని చేస్తా ఉంది" అన్నాడు యతిరాజులు.

"బండికి కూడా నవ్వు ముఖం కావాలేమో" అనింది కనకవల్లి, బియ్యంలో రాళ్ళు ఏరతా.

పెండ్లి దగ్గర పడింది. చూడామణమ్మ నెమ్మదిగానే చెప్పింది. "నాయనా రాజులూ, ఈసారి ఆనందన్ తోలనీ. పట్టు పంచ కట్టుకున్న పిల్లోణ్ణి నడిరోడ్డు మీద దింపి తోయమంటామా?"

యతిరాజులుకు ముఖం మాడిపోయింది. "ఒక పని చేద్దాం అత్తా. ఎన్నూరు దాకా నేను తోల్తా. నువ్వు కూచో, వాడూ కూచోనీ. ఆగితే తలపాగా వాడిది. ఆగకపోతే నాది."

"సరి, అట్నే కానీ" అనింది ముసలామె, ఆకు వక్క నోట్లో వేసుకుంటా.

ఆ పొద్దున యతిరాజులు బొట్టు మామూలుగా పెట్టలేదు. గంధంలో పచ్చకర్పూరం కూడా కలిపి పెట్టినాడు. వాడు పక్కనే కూచోబోతాడు కదా మరి. మూతను రెండు చేతులతో బిగించినాడు.

బండి హంస మాదిరి పోయింది. ఆనందన్ పక్కన కూచుని పాతపాట ఏదో గొణుక్కుంటా ఉండాడు. లారీలు దుమ్ము లేపతా పోయే ఎన్నూరు రోడ్డు ఎక్కినారు, సముద్రం కనబడింది. యతిరాజులు లోపల తలపాగా చుట్టుకుంటా ఉండాడు. అప్పుడు దగ్గింది. ఎక్కిళ్ళు పెట్టింది. ఒక కంటైనర్ లారీ ముందు ఆగిపోయింది. లారీవాడు హారన్ కొట్టి, యతిరాజులు తల్లిని కూడా తలుచుకుని పక్కన్నించి పోయినాడు.

ఆనందన్ దిగి, "పెట్రోల్ ఉందేమో చూస్తా అన్నా" అని వెనక్కి పోయినాడు. యతిరాజులు కూడా దిగినాడు, వాడి చెయ్యి మూత మీద పడకుండా అడ్డం పడదామని. ఆలోపలే ఆనందన్ గింజుకుని మూత తిప్పినాడు.

ఉస్సుమని పెద్ద శబ్దం. సోడా తెరిచినట్టు.

ఆనందన్ మూతను ఎండకు తిప్పి చూసినాడు. గోటితో గంధం గీకినాడు, పెంకు మాదిరి ఊడొచ్చింది. దాని కింద సూది మొనంత బొక్క. ట్యాంకులో పెట్రోల్ తగ్గే కొద్దీ గాలి లోపలికి పోయే దారి అదొక్కటే. అది మూసుకుంటే పంపు పెట్రోల్ లాగలేదు. అది యతిరాజులుకు కూడా ఆ క్షణమే అర్థమైంది. ఆనందన్ మూత బిగించడు కాబట్టి వాడి చేతిలో బండికి గాలి దొరికేది.

ఆనందన్ తలెత్తి ఆయన్ని చూసినాడు. బొట్టు ఎవురు పెట్టినారని గాని, ఎందుకని గాని అడగలేదు. కర్చీఫ్‌తో మూత తుడిచి పెట్టినాడు.

"ఏమైందప్పా?" అనింది చూడామణమ్మ లోపల్నించి.

"ఏం లేదత్తా, దుమ్ము పట్టింది" అన్నాడు ఆనందన్.

చూడండి, ఆ మాటతో బయటపడి నెమ్మదిగా పోయుండొచ్చు యతిరాజులు. కాని వాడు తన పరువు కాపాడినాడు కదా, అది ఓర్చుకోలేకపోయినాడు. జుట్టు వాడికే, అత్త మెచ్చుకోలు వాడికే, ఇప్పుడు మంచితనం కూడా వాడికేనా? ఇక బతికినన్నాళ్ళూ ఆ నవ్వు ముఖం చూసినప్పుడల్లా ఈ దుమ్ము గుర్తొస్తుంది.

"దుమ్ము కాదత్తా" అన్నాడు కిటికీ కాడికి పోయి. "గంధం. నేనే పెట్టినా. వీడి కన్ను పడతా ఉందని పెట్టినా. బండికి ఏ రోగం లేదు, నా చేతిలోనూ లేదు."

చూడామణమ్మ నమిలేది ఆపింది. ఆనందన్ సముద్రం వైపు తిరిగి నిలబడినాడు, భుజాలు మాత్రం కదలతా ఉండాయి.

"నవ్వాలంటే ఇటు తిరిగే నవ్వురా" అన్నాడు యతిరాజులు.

"లేదన్నా" అని తిరిగినాడు, కండ్లల్లో నీళ్ళు. "నా కన్నుకు ఇంత బలం ఉందని తెలిస్తే మా ఆఫీసరు మీద పెట్టుంటా గదా."

ముసలామె దిగి, ఆకు ఉమ్మి వచ్చి, "పో, ఎక్కు. ఎన్నూరు దాకా తోలు చూస్తా" అనింది. తోలినాడు. వెనక్కీ తోలినాడు. బండి ఎక్కడా దగ్గలేదు. ఇంటి ముందు దిగతా, "తలపాగా నువ్వే కట్టుకో రాజులూ. లేకపోతే రేపు పెండ్లికూతురి మీద కూడా ఏదన్నా పూస్తావు" అనింది.

కట్టుకున్నాడు. పట్టు తలపాగా, మల్లె మాల, కొత్త పంచ. నాదస్వరం వాళ్ళ వెనక నడిచినంత నెమ్మదిగా, ఒక్క కుదుపు లేకుండా విఘ్నేష్‌ను మంటపం కాడికి తెచ్చి నిలబెట్టినాడు. బండి ఆగతానే జనమంతా తన వైపుకే వస్తారనుకున్నాడు. ఆనందన్ ముందుకొచ్చి పెండ్లికొడుక్కు తలుపు తెరిచినాడు. ఫోటోవాడు, వీడియోవాడు, ఆడోళ్ళు, ఆరతి పళ్ళెం అన్నీ ఆ పక్కకే పోయినాయి. అత్త కూడా.

స్టీరింగ్ పట్టుకుని యతిరాజులు ఒక్కడే కూచుండాడు. తోలేదానికి ఇంత కొట్లాడితిమే, ఆ తలుపు తెరిచే పని అడిగుంటే పోయేది గదా అనుకున్నాడు.