దించని షట్టరు

అనంతపురం దగ్గర మా ఊరి బజారులో నాది బట్టల కొట్టు. మా నాయకుడు గెలిచినా ఓడినా, జైలుకు పోయినా తిరిగొచ్చినా, ఎవరి మనుషులు రాళ్లేస్తారోనని ముందు షట్టరు దించేవాళ్లం. నాయన నేర్పిన జాగ్రత్త అది. ఏం బతుకో!

మొన్న ప్రచారానికి ఆయన జీపులు రాగానే అలవాటుగా లేచాను. జాకెట్టు గుడ్డకొచ్చిన రైతామె కసిరింది.

“ఏమప్పా, గుడ్డ చించకుండా యాడికి పోతాండావు? ఓట్లకే కదా వస్తాండేది, రానీ.”

అంతటితో ఆగక, బయటికి పోయి ఆయన జీపుకు అడ్డం నిలబడింది.

“అన్నా, మా చెరువుకు నీళ్లు ఎప్పుడిడుస్తావు?”

అనుచరులు కేకలేశారు. ఆమె కదల్లేదు. చివరికి ఆయనే దిగి, మా కొట్టు ముందు నిలబడి బదులు చెప్పుకున్నాడు. ఇన్నేళ్లలో ఆయన్ను దగ్గరగా చూడటం అదే మొదలు.

మనిషి నా భుజం దాకా వస్తాడేమో.