పన్నెండు సీసాలు, ఒకటే కడుపు

సోమవారం పొద్దున్నే మేస్త్రి నికాసియో అట్టపెట్టెలో పన్నెండు సీసాలు తెచ్చి ల్యాబు బల్ల మీద పెట్టి వెళ్లాడు. బఠాణీ షెడ్డులో కాయలు ఏరి ప్యాకింగ్ చేసే ఆడవాళ్లవి. మూడు నెలలకోసారి మలపరీక్ష చేయించాలి. చెడ్డ అమీబా కనబడితే ఆ మనిషిని పదిహేను రోజులు కూలి లేకుండా ఇంట్లో కూర్చోబెడతారు. ఆ రూలు రాసినవాడికి ఏనాడూ కడుపు నొచ్చి ఉండదు.

ఒబ్దూలియా గ్వాటెమాలా కొండల్లోని ఆ ఊరి ఆరోగ్య కేంద్రంలో ముప్పై ఒక్క ఏళ్లుగా మైక్రోస్కోపు ముందే కూర్చుంటోంది. ఊళ్లో ఎవరి పేరైనా మర్చిపోతుందేమో గానీ ఎవరి కడుపులో ఏముందో మర్చిపోదు. మొదటి సీసాలోంచి పుల్లతో కాస్త తీసి, అయోడిన్ చుక్కలో కలిపి చూసింది. లోపల ఎనిమిది చుక్కలున్న గుండ్రటి అమీబా ఒకటి, గోధుమరంగు మచ్చ ఉన్నది ఇంకొకటి. రెండూ ఎవరి జోలికీ పోనివే. రెండో సీసాలోనూ అదే జంట. మూడోదీ అంతే. ఏడో సీసాకి వచ్చేసరికి ఒబ్దూలియాకి ఒళ్లు మండిపోయింది.

పైగా పన్నెండిట్లోనూ అరగని మాంసపు పోగులు! మొక్కజొన్న రొట్టె, నల్ల చిక్కుడు గింజలు తప్ప పండగనాడైనా కోడిని ఎరగని ఆడవాళ్లకి అవెక్కడివి?

తొమ్మిదో సీసా మీద తోమాసా పేరుంది. తోమాసా వాళ్లది పక్కిల్లే. నిన్న చర్చిలో మూడుసార్లు కడుపు పట్టుకుని బయటికి పరుగెత్తింది. మనిషి ఎంత చిక్కిపోయిందంటే, నడుముకి కట్టే పట్టీ ఇంకో చుట్టు తిరుగుతోంది.

ఒబ్దూలియా నేరుగా షెడ్డుకి వెళ్లింది.

"ఆ సీసా నీదేనా, తోమాసా?"

"నాదే పిన్నీ."

"నా చెవిలో పూలు పెట్టకే. ఎన్నాళ్ల నుంచి నెత్తురు పడుతోంది?"

తోమాసా గొంతు తగ్గించింది. "నెల. గట్టిగా అనకు పిన్నీ. కూలి పోతే పిల్లలకేం పెట్టను?"

"నువ్వే పోతే ఎవరు పెడతారే? పద, ఇంకో సీసాలో ఇప్పుడే నీది ఇవ్వు."

చల్లారితే ఆ చెడ్డ అమీబా కదలడం మానేస్తుంది, పోల్చుకోవడం కష్టం. అందుకే ఒబ్దూలియా తోమాసా ఇచ్చిన వెచ్చటి సీసాని చంకలో ఇరికించుకుని పరుగులాంటి నడకతో బయల్దేరింది.

"ఒబ్దూలియమ్మ గుడ్డు పొదుగుతోందర్రోయ్!" అని వెనక నుంచి ఒకత్తె అరిచింది. అందరూ గొల్లుమన్నారు.

"నవ్వండి. రేపు మీవీ పొదుగుతాను!"

ఉప్పునీటి చుక్కలో అది కనబడింది. కాలు చాపుకుంటూ ముందుకు పాకుతోంది. దాని లోపల మింగిన నెత్తుటి కణాలు, తోమాసావి. ఒబ్దూలియా రిపోర్టు కాగితాలు ముందుకు లాక్కుంది.

మధ్యాహ్నం మేస్త్రి వచ్చాడు. "అందరూ శుభ్రమేగా, అమ్మా?"

ఆమె పన్నెండు రిపోర్టులు ముందు పడేసింది. పన్నెండింటి మీదా ఒకటే పేరు, నికాసియో.

"ఇదేంటి, నా పేరు రాశారు?"

"కడుపు నీదేగా! ఆ షెడ్డులో రోజూ మాంసం తినేది ఇంకెవరు? నిన్న పందా, ఎద్దా?"

మేస్త్రి మొహం మాడిపోయింది. "వాళ్లే బతిమాలారమ్మా. వాళ్ల మంచికేగా ఇచ్చాను."

"తోమాసా పేగులు నెత్తురు కక్కుతుంటే దాన్ని శుభ్రమని రాయించడం మంచా? ఆ మంచేదో నీ ఇంట్లో పెట్టుకో! ఈ కాగితాలు జిల్లా ఆఫీసుకి పంపమంటావా? లేకపోతే జబ్బుపడ్డ మనిషికి మందు వాడినన్నాళ్లూ కూలితో సెలవిస్తామని మీ యజమాని చేత రాయించుకొస్తావా?"

సాయంత్రానికి సంతకంతో కాగితం వచ్చింది. తోమాసాకి ఆ రోజే మందు మొదలుపెట్టారు.

మర్నాడు తెల్లారేసరికి మిగతా పదకొండు మంది శాలువాల కింద సీసాలు దాచుకుని ల్యాబు గుమ్మం ముందు నిలబడ్డారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఒబ్దూలియా ఒక్కొక్కటే అందుకుంది. అన్నీ వెచ్చగా ఉన్నాయి. నాలుగింట్లో నెత్తురు తాగే అమీబా ఉంది. మాంసపు పోగు మాత్రం ఒక్కదాన్లోనూ లేదు.